పిల్లల ఎయిర్ రైఫిల్‌కు రెడ్ డాట్: ఎవరికి, ఎప్పుడు, ఎలా?

పన్నెండేళ్ల పిల్లలకు ఎయిర్ రైఫిల్ కొనిచ్చిన తల్లిదండ్రులకు కొద్ది రోజుల్లోనే ఒక సందేహం వస్తుంది. దీని మీద రెడ్ డాట్ సైటు బిగిస్తే గురి త్వరగా కుదురుతుందా? ఆన్‌లైన్‌లో రెండు మూడు వేల నుంచే దొరుకుతోంది, కొనేద్దామా? అవునని చెప్పేవాళ్లూ ఉన్నారు, దండగని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క సందేహంలో నాలుగు విషయాలు కలగలిసి ఉన్నాయి. చట్టం ఏమంటుంది, పోటీల్లో ఏది చెల్లుతుంది, ఆ పరికరం ఎంతవరకు పనిచేస్తుంది, పిల్లల కంటికీ ఒంటికీ ఏది నప్పుతుంది. వీటిని విడదీసి చూస్తేనే డబ్బు సరైన చోట ఖర్చవుతుంది.

దుర్గ్-భిలాయిలో ఉన్న తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు భిలాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి కొలువులకు వచ్చిన ఇళ్లలో ఇప్పుడు మూడో తరం పిల్లలు బడికి వెళ్తున్నారు. షూటింగ్ మనవాళ్లకు కొత్త ఆటేమీ కాదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు 1997లో తండ్రి ఎయిర్ పిస్టల్ కొనిచ్చారు. బేగంపేట ఇంటి పెరట్లో మొదలైన ఆ సాధన 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం దాకా వెళ్లింది. పుట్టుకతోనే వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో అదే అంశంలో స్వర్ణం గెలిచాడు. హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 13 ఏళ్ల వయసులో, 2018లో, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. ఈ ముగ్గురిలో ఎవరూ ఆ పతకాల పోటీల్లో ఎర్ర చుక్కతో గురి చూడలేదు. చూడటానికి నిబంధనలు ఒప్పుకోవు. కొనుగోలు ఆలోచన ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

ముందుగా చట్టం

మన దేశంలో పిల్లల రైఫిల్ అంటే ఆచరణలో ఎయిర్ రైఫిలే. .22 రైఫిల్ 1959 ఆయుధ చట్టం కింద తుపాకీ లెక్కలోకి వస్తుంది. దానికి లైసెన్సు కావాలి. 1983 సవరణ నుంచి తుపాకీ కలిగి ఉండటానికి కనీస వయసు 21 ఏళ్లు. సాధన చేసే యువ షూటర్లకు మినహాయింపు ఉన్నా, అది క్రమబద్ధమైన శిక్షణలో, పెద్దల పర్యవేక్షణలో వాడటానికే.

ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. గొట్టం వ్యాసం 0.177 అంగుళాలు, అంటే 4.5 మి.మీ. దాటకుండా, గొట్టం మూతి దగ్గర శక్తి 20 జౌళ్లకు లోబడి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము పైచిలుకు బరువున్న పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి సుమారు ఏడున్నర జౌళ్లు. పోటీ రైఫిళ్ల వేగం ఇంచుమించు ఇంతే. 10 మీటర్ల కాగితానికి ఇది చాలు. "ఇంకా పవర్‌ఫుల్ మోడల్ ఉంది" అని దుకాణదారు చూపించే రైఫిల్ పిల్లలకు అవసరం లేదు. లోపలి స్ప్రింగు ఎంత బలమైనదైతే గొట్టాన్ని కీలు దగ్గర విరిచి లోడు చేయడం అంత కష్టం, గురి నిలపడం అంత కష్టం. కొన్న బిల్లు భద్రపరచండి. లైసెన్సు అక్కర్లేదంటే ఎక్కడైనా కాల్చవచ్చని కాదు. పిట్టల మీదకో ఉడతల మీదకో గురి పెడితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాకా వెళ్లే వ్యవహారం. మొదటి రోజే పిల్లలకు ఈ మాట స్పష్టంగా చెప్పాలి.

పోటీలో చెల్లేది ఏది?

ఈ ఆటలో గురి చూసే సాధనాలు ప్రధానంగా నాలుగు. మొదటిది ఓపెన్ సైటు: వెనక గాడి, ముందు మొన. రెండోది పీప్ సైటు: వెనక సన్నని రంధ్రం, ముందు గుండ్రని వలయం. మూడోది రెడ్ డాట్. నాలుగోది టెలిస్కోప్, అంటే స్కోపు.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో ఎయిర్ రైఫిల్‌కు ఓపెన్ సైటు, పీప్ సైటు అని రెండు విభాగాలుంటాయి. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం నడిపే వ్యవస్థలోనూ కొత్తవాళ్లు ఓపెన్ సైటుతో మొదలుపెట్టి పీప్ సైటుకు వెళ్లడం మామూలు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మీద టెలిస్కోపు గానీ, చుక్క చూపించే కటకం గానీ ఉండకూడదు. కదిలే లక్ష్యం అంశంలో మాత్రం నాలుగు రెట్లు మించని స్కోపు పెట్టుకోవచ్చు. మన బడి పిల్లలు ఆ అంశంలో దిగే అవకాశం చాలా తక్కువ.

కాబట్టి జిల్లా పోటీకో రాష్ట్ర పోటీకో వెళ్లాలన్న ఆలోచన ఉంటే రెడ్ డాట్ మీద పెట్టిన డబ్బు ఆ దారిలో పనికిరాదు. చుక్కకు అలవాటుపడిన కన్ను తర్వాత మొనను చూడటం మళ్లీ నేర్చుకోవాలి. అలాంటి పిల్లలకు నా సలహా ఒకటే. రైఫిల్‌తో వచ్చిన ఓపెన్ సైటుతోనే మొదలుపెట్టండి. క్లబ్బులో శిక్షకుడు చెప్పినప్పుడు పీప్ సైటుకు మారండి.

అయితే రైఫిల్ పట్టిన పిల్లలందరూ పోటీకి వెళ్లరు. సెలవుల్లో నాన్నతోనో మేనమామతోనో కలిసి కాగితం మీద గురి చూసే సరదా కూడా మంచిదే. పోటీకి ముందు ఈ ఆట నచ్చుతుందో లేదో తెలుసుకోవాలనుకునే పిల్లలూ ఉంటారు. మిగతా చర్చంతా వీళ్ల కోసమే.

చుక్క ఏం చేస్తుంది, ఏం చేయదు

ఓపెన్ సైటుతో గురి చూసేటప్పుడు కంటి ముందు మూడు వస్తువులు మూడు దూరాల్లో ఉంటాయి: వెనక గాడి, ముందు మొన, లక్ష్యం. కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. మొన మీద చూపు నిలిపి, లక్ష్యం మసకగా కనిపించినా సర్దుకోవడమే ఇక్కడి విద్య. పిల్లలకు మొదట్లో ఇది వింతగా ఉంటుంది. కొట్టాల్సింది మసకగా కనిపిస్తుంటే ఎలా అని అడుగుతారు.

రెడ్ డాట్‌లో ఈ చిక్కు లేదు. లోపల ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం ఉంటుంది. దాని వెలుగు పూత పూసిన వంపు అద్దం మీద పడి, సమాంతర కిరణాలుగా మారి కంటికి చేరుతుంది. అందువల్ల చుక్క ఎక్కడో దూరంలో, లక్ష్యం దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. లక్ష్యాన్నే చూడొచ్చు, చుక్క దాని మీద ఉంటుంది. ఈ సూత్రానికి 1900లోనే డబ్లిన్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ పేటెంట్ తీసుకున్నాడు. ఎల్.ఇ.డి.తో నడిచే సైటును స్వీడన్ సంస్థ ఎయిమ్‌పాయింట్ 1970ల మధ్యలో మార్కెట్‌లోకి తెచ్చింది.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. దగ్గరికీ దూరానికీ చూపు మార్చుకునే శక్తి పిల్లల కంటికి పుష్కలంగా ఉంటుంది. పదేళ్ల పిల్లలు ముఖానికి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో పెట్టిన అక్షరాన్ని కూడా చదవగలరు. నలభై దాటాక కంటి కటకం గట్టిపడుతూ వస్తుంది. యాభైల్లో ఉన్నవాళ్లకు ముందు మొన మసకబారుతుంది. అంటే చుక్క వల్ల కంటికి కలిగే మేలు పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ. నాన్నకు బాగా కనిపించిందని బాబుకూ కొనేముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మరి పిల్లలకు దక్కేది ఏమిటి? చుక్క వణుకును దాచదు. ఊపిరి పీల్చినప్పుడు చుక్క పైకీ కిందికీ ఎలా తిరుగుతుందో, ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా లాగితే ఎలా పక్కకు ఎగురుతుందో పిల్లలు తమ కళ్లతోనే చూస్తారు. "ఊపిరి సగం వదిలి ఆపు, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కు" అని పదిసార్లు చెప్పినా ఎక్కనిది, చుక్క కదలికను చూసినప్పుడు ఎక్కుతుంది. బోధన సాధనంగా రెడ్ డాట్ విలువ ఇదే. దానివల్ల చెయ్యి స్థిరపడదు, భుజానికి బలం రాదు, ట్రిగ్గర్ అదుపులోకి రాదు. అవన్నీ సాధనతోనే వస్తాయి.

కంటి సమస్యలు ఉన్న పిల్లల్లోనూ తేడాలుంటాయి. అస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు చుక్క గుండ్రంగా కాక, ముళ్లు ముళ్లుగా చెదిరిన నక్షత్రంలా కనిపించవచ్చు. కొనేముందు ఎవరిదైనా రెడ్ డాట్ ఉంటే దాంట్లోంచి పిల్లలతోనే చూపించండి. కళ్లద్దాలు వాడేవాళ్లు అవి పెట్టుకునే చూడాలి. చుక్క చెదిరి కనిపిస్తే ఓపెన్ సైటుతోనే సాగండి, ఒకసారి కళ్ల డాక్టర్‌కూ చూపించండి.

10 మీటర్ల దగ్గర లెక్కలు

చవక డాట్ పెట్టె మీద "3 ఎం.ఓ.ఏ." అని రాసి ఉంటుంది. డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఎం.ఓ.ఏ. 100 మీటర్ల దగ్గర అది 29 మి.మీ., 10 మీటర్ల దగ్గర 2.9 మి.మీ. అంటే 3 ఎం.ఓ.ఏ. చుక్క 10 మీటర్ల కాగితం మీద సుమారు 9 మి.మీ. వెడల్పును కప్పుతుంది.

అంతర్జాతీయ ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. తొమ్మిది వలయం 5.5 మి.మీ., ఎనిమిది వలయం 10.5 మి.మీ. నల్లటి భాగం మొత్తం 30.5 మి.మీ. అంటే రెడ్ డాట్ తొమ్మిదినంతటినీ మింగేసి ఎనిమిది అంచు దాకా కప్పేస్తుంది. ఆ కాగితం మీద పిల్లలు చుక్కతో పది కొట్టలేకపోతే తప్పు వాళ్లది కాదు. దానికి బదులు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కాగితం వాడండి. అందులో పది వలయం 11.5 మి.మీ., నలుపు 59.5 మి.మీ. 9 మి.మీ. చుక్క పది వలయంలో చక్కగా ఇముడుతుంది. చుక్కను మధ్యలో నిలిపితే పది పడుతుందన్న నమ్మకం పిల్లలకు కలుగుతుంది. రెడ్ డాట్ వాడే ఇంట్లో కాగితం మార్చడం అన్నిటికన్నా చవకైన మేలు.

రెండో లెక్క పారలాక్స్. కన్ను సైటు మధ్యలోంచి పక్కకు జరిగితే చుక్క కూడా లక్ష్యం మీద కొంత జరుగుతుంది. ఎక్కువ రెడ్ డాట్లు 45-50 మీటర్ల దూరానికో అంతకు మించిన దూరానికో సర్ది ఉంటాయి. 10 మీటర్ల దగ్గర ఆ సర్దుబాటు పూర్తిగా పనిచేయదు. 45 మీటర్లకు సర్దిన సైటులో కన్ను 5 మి.మీ. పక్కకు పోతే పెల్లెట్ సుమారు 4 మి.మీ. పక్కకు పడుతుంది. రైఫిల్ కాగితం మీద వలయానికీ వలయానికీ మధ్య దూరం 2.5 మి.మీ. కనుక ఇది ఒకటిన్నర వలయం తేడా. "రెడ్ డాట్‌లో తల ఎక్కడ పెట్టినా ఫరవాలేదు" అన్న ప్రచారం 10 మీటర్లకు వర్తించదు. చెంప ప్రతిసారీ బట్ (రైఫిల్‌ను భుజానికి ఆనించే వెనక భాగం) మీద ఒకే చోట ఆనాలి. ఓపెన్ సైటుతో పిల్లలు నేర్చుకునే క్రమశిక్షణే ఇక్కడా అవసరం.

మూడోది ఎత్తు. చుక్క గొట్టం మధ్యరేఖకు సుమారు 4 సెంటీమీటర్లు పైన ఉంటుంది. 10 మీటర్లకు సర్దిన రైఫిల్‌తో 5 మీటర్ల దూరంలో కాలిస్తే పెల్లెట్ దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు కిందకు పడుతుంది. వరండాలో 5 మీటర్లకు, మైదానంలో 10 మీటర్లకు ఒకే సర్దుబాటు చెల్లదు. ఏ దూరంలో కాలుస్తారో ఆ దూరంలోనే గురి కుదర్చాలి.

చవకలో ఏది ఎంచుకోవాలి?

మన మార్కెట్‌లో పిల్లల చేతికి వచ్చే ఎయిర్ రైఫిళ్లలో ఎక్కువ భాగం స్ప్రింగుతో పనిచేసేవే. మన దేశంలోనే తయారయ్యే ప్రెసిహోల్ వంటి కంపెనీల ప్రారంభ మోడళ్లూ ఇందులోకే వస్తాయి. రెడ్ డాట్ తయారీదారులు ఎక్కువగా మామూలు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు సరిపడేలా సైటును చేస్తారు. స్ప్రింగ్ రైఫిల్ రెండు దెబ్బలు కొడుతుంది. పిస్టన్ ముందుకు దూసుకెళ్లేటప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది. పిస్టన్ చివర ఆగినప్పుడు రైఫిల్ ఒక్కసారిగా ముందుకు కుదుపుతుంది. ఈ రెండో కుదుపుకు చవక సైటులో అద్దం వదులవుతుంది, బ్యాటరీ స్ప్రింగు తడబడి చుక్క ఆరిపోతుంది, సైటును రైఫిల్‌కు బిగించే మౌంటు గాడిలో జారుతుంది. స్ప్రింగ్ రైఫిల్‌కు పనికొస్తుందని తయారీదారు స్వయంగా రాసినదే కొనాలి. కనీసం తిరిగి తీసుకునే షరతైనా ఉండాలి.

ఆకారంలో రెండు రకాలున్నాయి. తెరిచిన అద్దం ఉన్నవి తేలిక, చవక. అయితే దీపం బయటికే ఉంటుంది కాబట్టి భిలాయి దుమ్ములో త్వరగా మురికి పడుతుంది. గొట్టం ఆకారంలో మూసి ఉన్నవి కొంచెం బరువైనా మన్నుతాయి. నాలుగు రకాల గుర్తులు మార్చుకునే సైట్లు ఆకర్షణగా కనిపిస్తాయి. వాటిలో గుర్తు మారిస్తే గురి కూడా కదలవచ్చు. పిల్లలకు ఒక్క చుక్క చాలు. 2 లేదా 3 ఎం.ఓ.ఏ. చుక్క, మూసిన చిన్న గొట్టం, వెలుగు తగ్గించే స్థాయిలు ఎక్కువగా ఉండటం: ఎంపికకు ఈ మూడే ప్రధానం. బుష్నెల్ టీఆర్‌ఎస్-25 ఈ తరగతికి మంచి కొలమానం. 3 ఎం.ఓ.ఏ. చుక్క, 25 మి.మీ. గొట్టం, ఎక్కడైనా దొరికే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ దాని లక్షణాలు. పేరులేని సైటు కొనేటప్పుడు ఈ లక్షణాలతో పోల్చి చూడండి.

మౌంటు దగ్గర చాలామంది పొరపడతారు. మన ఎయిర్ రైఫిళ్ల పైన ఉండేది సాధారణంగా 11 మి.మీ. డోవ్‌టెయిల్ గాడి. రెడ్ డాట్లు ఎక్కువగా 20 మి.మీ. పైచిలుకు వెడల్పున్న పికటినీ పట్టాకు సరిపడే మౌంటుతో వస్తాయి. ఒకటి మరొకదానికి పట్టదు. 11 మి.మీ. మౌంటు గానీ, మధ్యలో పెట్టే అడాప్టర్ గానీ కావాలి. ఒకే ముక్కగా ఉండి, వెనక్కి జారకుండా ఆపే పిన్ను ఉన్న మౌంటు మేలు. దీని ధర మొదటి అంచనాలోనే కలుపుకోండి.

చుక్క కంటే ముందు కొనాల్సినవి ఉన్నాయి. మొదట కంటి రక్షణ అద్దాలు, మంచి పెల్లెట్ ఆపే పెట్టె. తర్వాత రెండు మూడు రకాల పెల్లెట్లు. కాగితానికి ముందు భాగం చదునుగా ఉన్నవి వాడాలి, అవి శుభ్రమైన గుండ్రని రంధ్రం చేస్తాయి. ఒక రైఫిల్ ఒక పెల్లెట్‌తో 15 మి.మీ. గ్రూపు (వరసగా కాల్చిన పెల్లెట్ల రంధ్రాల గుంపు) కడుతుంది, మరో పెల్లెట్‌తో 30 మి.మీ. చేస్తుంది. చవక సైటు తేగలిగే తేడా కన్నా సరైన పెల్లెట్ తేగలిగే తేడా చాలాసార్లు ఎక్కువ.

పిల్లల ఒంటికి సరిపోతుందా?

మోచేయి మడిచినప్పుడు మోచేతి వంపు నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా ఉన్న దూరంతో, రైఫిల్ బట్ చివర నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం ఇంచుమించు సరిపోవాలి. పొడవైన బట్ భుజానికి ఆనదు, తల ముందుకు సాగదు, చుక్క కనిపించదు. చుక్క కనపడక మెడ చాచే పిల్లలకు చాలాసార్లు కావాల్సింది పొట్టి బట్.

బరువూ చూడాలి. చిన్న గొట్టం డాట్ మౌంటుతో కలిపి నూరు నుంచి రెండు వందల గ్రాముల దాకా ఉంటుంది. మూడు కిలోల రైఫిల్ మోసే పెద్దవాళ్లకు అది లెక్కలోకి రాదు. నిలబడి కాల్చే పన్నెండేళ్ల పిల్లలకు నాలుగైదు నిమిషాల్లో తెలుస్తుంది. కాబట్టి మొదట బల్ల మీద కూర్చుని, మెత్తటి ఆసరాతో కాల్పించండి.

ఏ కన్ను బలమైనదో కూడా ముందే చూడాలి. రెండు చేతులూ చాచి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు వదిలి, దాంట్లోంచి దూరపు వస్తువును రెండు కళ్లతో చూడమనండి. ఒక్కో కన్నూ మూసినప్పుడు వస్తువు ఏ కంటికి ఆ సందులోనే ఉంటుందో అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉన్న పిల్లలకు ఎడమ కన్ను బలంగా ఉంటే వీలైతే ఎడమ భుజం మీద నేర్పడం మంచిది. లేదంటే ఎడమ కంటి ముందు 30 మి.మీ. మించని కాగితపు తెర పెట్టవచ్చు. పోటీల్లోనూ దీనికి అనుమతి ఉంది.

గురి కుదర్చడం: ఒక పూట పని

జీరో చేయడం అంటే చుక్క ఎక్కడ ఉంటే పెల్లెట్ అక్కడ పడేలా సర్దడం. తొందరపడకుండా చేస్తే ఒక పూటలో అయిపోతుంది.

ముందుగా రైఫిల్ ఖాళీగా ఉందో లేదో పెద్దవాళ్లు చూసుకోవాలి. బట్ పట్టి ఉంచే మరలు, గొట్టం కీలు మర బిగించాలి. స్ప్రింగ్ రైఫిల్‌లో ఇవి తరచూ వదులవుతాయి, వదులు మర ఉంటే ఏ సైటూ నిలబడదు. డోవ్‌టెయిల్ గాడిని స్పిరిట్‌తో తుడిచి, జిడ్డు పోయాక మౌంటు పెట్టి, అలెన్ కీతో అటూ ఇటూ సమానంగా బిగించాలి. తర్వాత సర్దుబాటు స్క్రూను ఒక చివర నుంచి మరో చివర దాకా తిప్పి క్లిక్కులు లెక్కపెట్టి, సగానికి తెచ్చి ఉంచాలి.

గురి కుదిర్చే ముందు రెండు పరీక్షలు చేయండి. రైఫిల్‌ను కదలకుండా సంచి మీద ఆనించి, ముట్టుకోకుండా తల అటూ ఇటూ జరిపి చూడండి. చుక్క లక్ష్యం మీద ఎంత జారుతుందో కనిపిస్తుంది. రెండోది చతురస్ర పరీక్ష. మూడు పెల్లెట్లు కాల్చి, పది క్లిక్కులు పైకి, మరో మూడు కాల్చి పది కుడికి, మరో మూడు కాల్చి పది కిందకి, ఇంకో మూడు కాల్చి పది ఎడమకు తిప్పి, చివరి మూడు కాల్చండి. అవి మొదటి చోటుకే వచ్చి పడాలి. రాకపోతే ఆ సైటును తిరిగి ఇచ్చేయడమే మంచిది. దాన్ని సర్దుతూ కూర్చుంటే పెల్లెట్లూ ఓపికా రెండూ ఖర్చవుతాయి.

మొదటి కాల్పులు 5 మీటర్ల దూరంలో పెద్ద కాగితం మీద. అక్కడ కాగితం మీద పడుతున్నాయని తేలాక 10 మీటర్లకు వెళ్లండి. స్ప్రింగ్ రైఫిల్ ముందు భాగాన్ని గట్టి వస్తువు మీద నేరుగా ఆనించకూడదు. అరచేతిలో ఉంచి, ఆ చెయ్యిని మెత్తటి సంచి మీద ఆనించాలి. బిగించి పట్టకూడదు. ప్రతిసారీ దెబ్బకు రైఫిల్ ఒకేలా కదలనివ్వడమే ఇక్కడి కీలకం. చుక్క వెలుగును కనిపించీ కనిపించనంత దాకా తగ్గించండి. ఎక్కువ వెలుగులో చుక్క ఉబ్బి నలుపునంతా మింగేస్తుంది.

ఐదు పెల్లెట్లు కాల్చేదాకా స్క్రూ ముట్టుకోవద్దు. ఒక్కో రంధ్రం చూసి తిప్పడమే అతి సాధారణమైన పొరపాటు. ఐదింటి మధ్య బిందువును పెన్సిలుతో గుర్తించండి. అది గురి కన్నా 18 మి.మీ. కింద, 9 మి.మీ. ఎడమన ఉందనుకోండి. ఒక క్లిక్కు ఒక ఎం.ఓ.ఏ. అయితే 10 మీటర్ల దగ్గర 2.9 మి.మీ. 18ని 2.9తో భాగిస్తే ఆరు క్లిక్కులు పైకి. 9ని భాగిస్తే మూడు క్లిక్కులు కుడికి. అర ఎం.ఓ.ఏ. క్లిక్కు అయితే అంతకు రెట్టింపు. సర్దాక సైటును వేలితో మెల్లగా తట్టి, సైటు స్థిరపడటానికి రెండు పెల్లెట్లు కాల్చి, మళ్లీ ఐదు కాల్చండి.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ముఖ్యం. కొత్త పిల్లల గ్రూపు 30 మి.మీ. వెడల్పు ఉంటే, ఐదు పెల్లెట్ల మధ్య బిందువులోనే నాలుగైదు మి.మీ. అనిశ్చితి ఉంటుంది. 5 మి.మీ. లోపు తేడాను సైటు తప్పుగా భావించి క్లిక్కులు తిప్పితే గురి వెంట పరుగెత్తడమే మిగులుతుంది. పది పెల్లెట్లు కాలిస్తే ఆ అనిశ్చితి సుమారు 3 మి.మీ.కు తగ్గుతుంది. గ్రూపు చిన్నది చేసుకోవడం పిల్లల సాధన పని. గ్రూపును మధ్యకు తేవడం ఒక్కటే సైటు పని.

చివరి సర్దుబాటు పిల్లలే చేయాలి. నాన్న చెంప ఆనించే చోటు వేరు, పాప చెంప ఆనించే చోటు వేరు. పారలాక్స్ వల్ల ఇద్దరి జీరో కూడా వేరవుతుంది. మొదటి పెద్ద తేడాలు పెద్దవాళ్లు సర్ది, తర్వాతి గ్రూపులు పిల్లలతో కాల్పించి, వాళ్ల మధ్య బిందువును బట్టే క్లిక్కులు తిప్పండి. తేదీ, దూరం, పెల్లెట్ పేరు, క్లిక్కులు ఒక నోటుబుక్కులో పిల్లలతోనే రాయించండి. పెల్లెట్ రకం మారినా, సైటు తీసి మళ్లీ పెట్టినా జీరో మళ్లీ చూడాలి. 45 డిగ్రీల దగ్గరికి వెళ్లే దుర్గ్ మే ఎండల్లో రైఫిల్‌నూ సైటునూ కారులో వదలకూడదు. బ్యాటరీకి, అద్దాల జిగురుకు ఆ వేడి మంచిది కాదు.

ఎక్కడ కాల్చాలి, ఎలా కాపాడాలి

క్వార్టర్ల డాబా మీద, గోడ మీద నుంచి వీధి కనిపించే పెరట్లో కాల్చకూడదు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ గురి తప్పితే వందల మీటర్లు వెళ్లగలదు. వెనక పూర్తి గోడ ఉండి, మధ్యలోకి మనిషీ పశువూ రాలేని చోటే సరైనది. అలాంటి చోటు ఇంట్లో లేకపోతే క్లబ్బు రేంజికి వెళ్లండి.

పెల్లెట్ ఆపే పెట్టెకు మందపాటి ఇనుప పలక కావాలి, ఉక్కు ఊరిలో దానికి కరువు లేదు. పలకను నిలువుగా పెడితే పెల్లెట్ ముక్కలు కాల్చేవాళ్ల మీదకే తిరిగి వస్తాయి. పైభాగం ముందుకు వంగేలా, 45 డిగ్రీల వాలులో చెక్కపెట్టెలో బిగించి, కింద పాత గుడ్డలు పరిస్తే పెల్లెట్లు కిందకే పడతాయి. కాల్చేవాళ్లూ చూసేవాళ్లూ అందరూ కంటి రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి. నోట్లో పెట్టుకోకూడదు, కాల్చాక సబ్బుతో చేతులు కడగాలి, ఆ బల్ల మీద చిరుతిళ్లు పెట్టకూడదు. విరిచి లోడు చేసే రైఫిల్‌లో పెల్లెట్ పెట్టేటప్పుడు గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి, లేకపోతే వేళ్లు నలుగుతాయి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ దెబ్బతింటుంది. కాల్పులు అయ్యాక రైఫిల్ ఒక చోట, పెల్లెట్లు వేరే చోట, రెండూ తాళం కింద ఉండాలి. తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.

చివరికి ఏం చేయాలి?

పోటీకి వెళ్లాలనుకునే పిల్లలకు రెడ్ డాట్ కొనవద్దు. ఆ డబ్బు పెల్లెట్లకు, క్లబ్బు రుసుముకు, శిక్షకుడికి పెట్టండి. ఓపెన్ సైటు నేర్చుకున్న పిల్లలకు పీప్ సైటు త్వరగా వస్తుంది, పీప్ సైటు వచ్చినవాళ్లకు అసలు ఆట తలుపులు తెరుచుకుంటాయి.

ఆట నచ్చుతుందో లేదో చూసుకునే పిల్లలకు, ఊపిరీ ట్రిగ్గరూ అర్థం చేసుకోవడానికి చుక్క కొన్నాళ్లు మంచి తోడు. అలాగని ఓపెన్ సైటును పక్కన పెట్టేయకండి. వారంలో ఒక రోజు డాట్ తీసి మొనతో కాల్పించండి.

కుటుంబమంతా కలిసి సరదాగా కాల్చేవాళ్లకు, ముఖ్యంగా మొన మసకబారుతున్న పెద్దలున్న ఇంట్లో, మంచి మౌంటుతో మూసిన గొట్టం డాట్ సంతోషంగా కొనవచ్చు. పిస్టల్ కాగితం వాడండి, 10 మీటర్లకు జీరో చేయండి, అందరి క్లిక్కులూ నోటుబుక్కులో ఉంచండి.

ఎవరికైనా ఖర్చు వరస ఒకటే. ముందు కంటి రక్షణ అద్దాలు, పెల్లెట్ పెట్టె. తర్వాత ఒంటికి సరిపోయే బట్, సరైన పెల్లెట్. ఆ తర్వాత శిక్షణ. చిట్టచివర చుక్క. ఈ వరసను తలకిందులు చేసిన ఇళ్లలో చాలాసార్లు చుక్క వెలుగుతూనే ఉంటుంది, పిల్లలే రైఫిల్ వదిలేస్తారు. పిల్లల గ్రూపు చిన్నదవుతున్న కొద్దీ వాళ్ల ఆసక్తి పెరుగుతుంది. ఆ గ్రూపును చిన్నది చేసే శక్తి వాళ్ల ఊపిరిలో, వేలిలో, రోజూ చేసే అరగంట సాధనలో ఉంది. తల్లిదండ్రులు డబ్బు కన్నా ఎక్కువగా పెట్టాల్సింది ఆ అరగంట పక్కన కూర్చునే సమయాన్నే.